అందించని మాట

"ఏడే ఉన్నాయేం నాన్నా?" అంది అమ్మాయి, కాగితాలు మూడోసారి తిరగేసి.

"ఏడూ శ్రద్ధగా రాశాను. చదువు," అన్నారు మా ఆయన, అద్దంలోకి చూసి గడ్డం గీసుకుంటూ.

"పుస్తకంలో నాటికలు ఎనిమిది."

"లెక్కలు నాకూ వచ్చు."

"మరి ఎనిమిదోది ఏదీ?"

మా ఆయన బ్లేడు కడగడం మొదలుపెట్టారు. కడిగిందే కడుగుతున్నారు. ఈ మనిషి దగ్గర జవాబు లేనప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒకటి శుభ్రమైపోతూ ఉంటుంది. ఈ వారం రోజుల్లో పుస్తకాల బీరువా, రెండు ఫ్యాన్లు, ఆఖరికి నా కుట్టుమిషను కూడా తళతళలాడుతున్నాయి.

గొడవ మొదలై గంటైంది. మధ్యాహ్నం రెండింటికల్లా ముందుమాట ప్రెస్సులో ఉండాలి. శనివారం జట్టు రాసిన ఎనిమిది నాటికలు పుస్తకంగా వస్తున్నాయి. జట్టంటే పేరు మోసిన వాళ్ళెవరూ కారు. ఒక టైలరు, ఒక నర్సు, ఒక లిఫ్టు మెకానిక్కు, ఒక బస్సు కండక్టరు, ఇలా వారమంతా వేరే పనులు చేసుకుని శనివారం సాయంత్రం లైబ్రరీ మేడ మీద గదిలో కూడి రాసుకునేవాళ్ళు. ఆ గదిలో ఉన్నవి ఒక బల్ల, రెండు కుర్చీలు. అందుకని ఎవరు ఏం రాసినా ఒక బల్ల, రెండు కుర్చీలతోనే నడవాలి, అరగంటలో ముగియాలి అని నియమం పెట్టుకున్నారు. వాళ్ళలో వయసుకీ, పేరుకీ పెద్ద మా ఆయనే కాబట్టి ముందుమాట ఆయన్నే రాయమన్నారు.

ఎనిమిదో నాటిక రాసింది మా మరిది. ఈయన సొంత తమ్ముడు. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేక పంతొమ్మిదేళ్ళు. మా మరిది మేడ మీద ఉన్న శనివారం ఈయన మెట్లెక్కరు. ఈయన వెళ్ళిన శనివారం అతను మెట్ల మీద కూర్చుని వింటాడు. ఇది పిచ్చితనమని ఇద్దరిలో ఒక్కరికీ తోచదు.

"నేను టైపు చెయ్యను," అంది అమ్మాయి. అది ఆ ప్రెస్సులోనే డీటీపీ చేస్తుంది.

"అక్కర్లేదు. ప్రెస్సాయన చేసుకుంటాడు."

"చేసుకుంటాడు, నీ దస్తూరీ అర్థమైతే. లోకం మొత్తం మీద నీ రాత చదవగలిగేది ఇద్దరమే. ఒకటి నేను, రెండు అమ్మ."

"అయితే మీ అమ్మ దగ్గర కూర్చుని రాసుకుంటాడు."

"నాకు వంట పని ఉంది," అన్నాను నేను వంటింట్లోంచి.

ఆయన అద్దంలోంచే నా వైపు చూశారు. ఒక చెంప మీద ఇంకా సబ్బు నురగ ఉంది. "నువ్వూ అటేనా?" అన్నారు.

ఆ కాగితాలు అమ్మాయి చేతిలోంచి తీసుకుని స్టవ్వు పక్కన నిలబడి చదివాను. ఆయన రాసిన ప్రతి కాగితం ముప్ఫై ఏళ్ళుగా నేను చదివాకే గడప దాటుతుంది. నేను ప్రాంప్టర్ని. తెర పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, స్టేజీ మీదున్న మనిషి మాట మర్చిపోతే అతనికొక్కడికే వినపడేలా అందించడం నా పని. మా వాళ్ళు నన్ను గుసగుసమ్మ అంటారు. ముందు వరుసలో కూర్చున్నవాడికి నా గొంతు వినపడిన రోజు నేను తప్పు చేసినట్టు. అలాంటి రోజు ఒక్కటీ లేదని నాకు గర్వం, చెప్పుకుంటే తప్పేముంది.

ముందుమాట బాగుంది. బాగుండడమేమిటి, చదువుతుంటే నా ఛాతీ పొంగింది. ఇంట్లో మూడు మాటలు మాట్లాడితే రెండు విసుక్కునే మనిషి, తోటివాళ్ళ గురించి రాయాల్సి వచ్చేసరికి ఎంత మెత్తబడిపోయారో.

"మా టైలరు నాటికలో ఒకడు చనిపోయిన తండ్రి కోటు పట్టుకొచ్చి తన కొలతకి తగ్గించమంటాడు. కుట్లు విప్పితే లోపల పాత కుట్ల గుర్తులు బయటపడతాయి. ఆ కోటుని ఆ తండ్రి కూడా ఒకప్పుడు వాళ్ళ నాన్న కొలత నుంచి తగ్గించుకున్నాడన్న మాట. ఇంతే కథ. మూడు తరాల మనుషుల్ని అరగంటలో నా ముందు నిలబెట్టాడు, అదీ ఇద్దరే నటులతో. నేను రాస్తే దీనికి మూడు అంకాలు పట్టేది. సిగ్గుపడకుండా చెబుతున్నాను."

నర్సు నాటిక గురించి ఇలా రాశారు. "ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరు రోగులు. మంచాలు ఎక్కడివి? రెండు కుర్చీలే మంచాలు. ఒకామెను చూడ్డానికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. రెండో ఆమెకి ఎవరూ లేరు. సాయంత్రం అయిదయ్యేసరికి ఆమె, 'మీ వాళ్ళలో ఒకర్ని పది నిమిషాలు నాకు అప్పివ్వరా' అని అడుగుతుంది. నేను నలభై ఏళ్ళుగా నాటకాలు రాస్తున్నాను. ఇలాంటి ఒక్క మాట నా కలంలోంచి రాలేదు. ఇది రాసిన మనిషి నాకు తెలుసు, మేమిద్దరం ఒకే గదిలో కూర్చుని టీ తాగుతాం అని చెప్పుకోవడానికి నాకు గొప్పగా ఉంది."

లిఫ్టు మెకానిక్కు సంగతి చదివితే నాకు నవ్వాగలేదు. కోర్టులో దావా వేసుకున్న ఇద్దరు పక్కింటివాళ్ళు లిఫ్టులో ఇరుక్కుంటారు. అతను ఆ బల్లని నిలువుగా లేపి లిఫ్టు చేశాడు. "ఆ బల్ల అన్నేళ్ళుగా అక్కడే ఉంది. దాన్ని నిలబెట్టవచ్చని మాలో ఎవరికీ తట్టలేదు," అని రాశారు మా ఆయన.

ఇలా ఏడుగురు. ఎనిమిదో మనిషి దగ్గరికొచ్చేసరికి కాగితం అయిపోయింది.

* * *

పదకొండింటికి టైలరు వచ్చాడు. శనివారం జట్టుకి కార్యదర్శి అతనే. మెడలో కొలత టేపు అలాగే ఉంది, దుకాణంలోంచి లేచి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"మాస్టారూ, అయిందా?"

"అయింది. కూర్చో. నీ గురించి రాసింది చదువు ముందు."

టైలరు నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. తర్వాత చాలాసేపు కాగితం మడత సరిచేస్తూ ఉండిపోయాడు. కళ్ళు తడి అయ్యాయి, దాచుకోలేదు.

"మా ఆవిడకి చూపించాలి ఇది," అన్నాడు.

"చూపించు."

"చూపిస్తాను. చూపించాక చించేస్తాను మాస్టారూ."

మా ఆయనకి అర్థం కాలేదు.

"ఏడుగురం మాట్లాడుకున్నాం," అన్నాడు టైలరు నెమ్మదిగా. "ఎనిమిది నాటికలకీ రాస్తే ముందుమాట ఉంటుంది. ఏడింటికే అయితే మాకొద్దు. మీకు కేటాయించిన నాలుగు పేజీలూ ఖాళీగా వేస్తాం. పైన ముందుమాట అని అచ్చవుతుంది, కింద మీ పేరు అచ్చవుతుంది. మధ్యలో ఏమీ ఉండదు."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. బతిమాలుతున్నాను. నాకు బతిమాలడం సరిగ్గా రాదు."

అమ్మాయి గడప మీద నిలబడి నవ్వు ఆపుకుంటోంది. నేను కళ్ళెర్రజేశాను.

"ఒరేయ్, నా తమ్ముడు మీకేమైనా చెప్పి పంపించాడా?" అన్నారు మా ఆయన.

"అతనికి ఈ సంగతే తెలీదు. 'అన్నయ్య రాయకపోయినా ఫర్వాలేదు, మీరెవరూ గొడవ చెయ్యకండి' అని పోయిన నెలే చెప్పేశాడు. అందుకే మరీ బాధగా ఉంది."

మా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. చేతిగుడ్డ తీసి ఊచలు తుడవడం మొదలుపెట్టారు. ఇంక ఇవాళ కిటికీల వంతు అనుకున్నాను.

"వాడేం చేశాడో తెలుసా నీకు?"

"విన్నాను మాస్టారూ, మీ నాటకం ఆఖరి రంగంలో మీరు రాసిన మాట చెప్పకుండా నిలబడిపోయాడని. కానీ ఆ నాటకానికి అంత పేరొచ్చింది ఆ మౌనం వల్లనే కదా."

"అదే," అన్నారు మా ఆయన ఇటు తిరిగి. "అదేనయ్యా నా బాధ. రెండు పేజీలు రాశాను నేను. మూడు నెలలు కూర్చుని రాశాను. వాడు నిలబడి ఆ రెండు పేజీలూ మింగేశాడు. ఆ మింగినదానికి పంతొమ్మిదేళ్ళుగా జనం వచ్చి నాకు దణ్ణం పెడుతున్నారు. 'ఆ మౌనం ఎలా రాశారండీ' అంటారు. నేను రాయలేదు అని చెప్పలేను, రాశాను అని చెప్పలేను. నవ్వి ఊరుకుంటాను. ఎన్నేళ్ళని నవ్వమంటావు?"

"అతను మర్చిపోయానన్నాడు కదండీ."

"వాడు మర్చిపోయే రకం కాదు. ఊరందరి ఫోను నంబర్లూ నోటికి చెబుతాడు. కావాలనే చేశాడు. ఆ మాట ఒప్పుకుంటే ఆ రోజే వదిలేసేవాణ్ణి. ఒప్పుకోలేదు."

టైలరు నా వైపు చూశాడు, నేనేమైనా సర్దిచెబుతానేమోనని. నేను అతని ఖాళీ టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

* * *

ఇక్కడ నేను చెప్పాల్సింది ఒకటుంది.

ఆ నాటకం పేరు 'సాక్షి బోను'. ఆఖరి రంగంలో తండ్రి సాక్ష్యం చెప్పడానికి బోనెక్కుతాడు. ఎదురుగా ముద్దాయి స్థానంలో కన్నకొడుకు. "ఈ దస్తూరీ నీ కొడుకుదేనా?" అని అడుగుతాడు వకీలు. అప్పుడు తండ్రి రెండు పేజీలు మాట్లాడాలి. తండ్రి వేషం మా మరిది వేశాడు. అలాంటి గొంతు నేను మళ్ళీ వినలేదు.

ఆ సాయంత్రం వకీలు ప్రశ్న అడిగాడు. మా మరిది కొడుకు వేషం వేసిన కుర్రాడి మొహంలోకి చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు.

నా ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. వేలు ఆ మాట మీదే ఉంది. నేను తలెత్తి హాలు వైపు చూశాను. మూడొందల మంది. ఒక్కడూ దగ్గలేదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తండ్రి ఇంక ఏమీ చెప్పక్కర్లేదని వాళ్ళందరికీ తెలిసిపోయింది. నాకూ తెలిసిపోయింది. మా ఆయన రెండు పేజీలు ఇప్పుడు వస్తే ఇదంతా చెడిపోతుందని కూడా తెలిసిపోయింది.

నేను అందించలేదు.

మా మరిది నన్నే చూస్తున్నాడు. నా పెదాలు కదల్లేదు. తెర లాగేవాడు అయిపోయిందనుకుని తెర దించేశాడు. ఆ చప్పట్లు నేను చచ్చేదాకా మర్చిపోను.

లోపల మా ఆయన తమ్ముణ్ణి పట్టుకుని, "నా మాట ఇంకెప్పుడూ నీ నోట్లో పడదు," అన్నారు. మా మరిది నా వైపు చూడను కూడా చూడలేదు. "మర్చిపోయాను అన్నయ్యా," అన్నాడు, అంతే. వదిన అందించలేదు అని ఒక్క మాట అంటే అతను బయటపడేవాడు. అనలేదు. నన్ను కాపాడి తను మేకప్పు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత స్టేజీ ఎక్కలేదు. ఇప్పుడు బస్టాండులో పోయిన వస్తువుల కౌంటరులో కూర్చుంటాడు.

నాటకం అచ్చేసేటప్పుడు మా ఆయనే తన చేత్తో ఆ రెండు పేజీలూ కొట్టేసి, "మౌనం. తెర," అని రాశారు. తమ్ముడితో మాట్లాడడం మాత్రం మొదలుపెట్టలేదు.

నేను ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ప్రాంప్టరు అందించకపోవడం చిన్న తప్పు కాదు. అంతకంటే పెద్ద తప్పు మా వృత్తిలో లేదు. చెబితే ఆయన నన్ను మళ్ళీ ఆ పీట మీద కూర్చోనివ్వరని భయం. అలా పంతొమ్మిదేళ్ళు గడిచిపోయాయి, చూస్తుండగానే.

* * *

పన్నెండింటికి భోజనాలకి కూర్చున్నాం. టైలరు "ఒంటి గంటకి మళ్ళీ వస్తాను" అని వెళ్ళిపోయాడు. మా ఆయన అడక్కుండానే రెండోసారి కూర వేశాను. ఆయన వద్దనలేదు, తినలేదు.

అమ్మాయి చెయ్యి కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది, తెర వెలిగించి, చేతులు కట్టుకుని.

నేను ఆయన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"మంగళవారం మీరు నవ్వారు," అన్నాను.

"ఏమిటి?"

"ఈ గదిలో, తలుపేసుకుని. రెండుసార్లు. నేను బయట బట్టలు మడతపెడుతున్నాను. మీ చేతిలో ఉన్నది మీ తమ్ముడి నాటికే. మిగతా ఏడూ ఆ పాటికే చదివేశారు."

ఆయన బల్ల మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టారు. "నవ్వొస్తే నవ్వాను. నవ్వకూడదా?"

"ఎలా ఉంది?"

"ఎలా ఉంటే ఏం?"

"చెప్పండి."

"బాగుంది," అన్నారు విసుగ్గా. తర్వాత గొంతు మారింది. "మిగతా ఏడుగురూ ఒక ఎత్తు, వాడొక్కడూ ఒక ఎత్తు. చాలా? ఆ చివర గొడుగు ఇచ్చేసే చోటుకి వచ్చేసరికి నాకు... నేను రాయలేను అలాంటిది. ఇప్పటికీ రాయలేను. ఆ సంగతి నాకు తెలియదనుకుంటున్నావా? తెలుసు కాబట్టే చెయ్యి కదల్లేదు. నా మాట వద్దని నా ముందే మింగేసిన వాడు, అంత బాగా రాస్తాడా అని."

"అతను మింగలేదు."

"మళ్ళీ మొదలుపెట్టకు."

"ఆ రోజు అతను మర్చిపోయాడు. నిజంగానే మర్చిపోయాడు. మాట కోసం నా వైపు చూశాడు. నేను అందించలేదు."

మా ఆయన నవ్వబోయారు. నా మొహం చూసి మానేశారు.

"నీకు పేజీ దొరకలేదా?"

"దొరికింది. వేలు దాని మీదే ఉంది."

"మరి?"

"కావాలనే అందించలేదు."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను.

"ఎందుకు?"

"అతని మొహం చూశాక మీ మాటలు అక్కర్లేదనిపించింది."

"అది నిర్ణయించడానికి నువ్వెవరు?"

"ప్రాంప్టర్ని."

"ప్రాంప్టరు నిర్ణయించకూడదు."

"కూడదు. అందుకే ఇన్నేళ్ళు నోరెత్తలేదు. తిట్టండి, పడతాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

"వాడికి తెలుసా, నువ్వు అందించలేదని?"

"నా మొహంలోకే చూస్తున్నాడు. నా పెదాలు కదల్లేదని తెలియకుండా ఎలా ఉంటుంది?"

"మరి నాతో అనలేదే."

"నన్ను మాట పడనివ్వకూడదని."

ఆయన రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు. చేతులు తీసేసరికి పదేళ్ళు పెద్దవారైనట్టు కనిపించారు, అయినా ఆ కళ్ళలో నేను చాలా ఏళ్ళుగా చూడనిదొకటి ఉంది. "నా తమ్ముడు," అన్నారు. "పంతొమ్మిదేళ్ళు. వేషం పోగొట్టుకుని, ఆ కౌంటరులో కూర్చుని, ఒక్క మాట అనలేదు. ఎలాంటి మనిషే వాడు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు, క్షమించానని మాత్రం అనలేదు. "నీ సంగతి తర్వాత చూస్తాను," అన్నారు. "ముందు ఒక కాగితం ఇయ్యి."

* * *

ఇరవై నిమిషాల్లో రాశారు. ఒక్క కొట్టివేత లేదు. నాకిచ్చి చదవమన్నారు. అమ్మాయి నా భుజం మీంచి తొంగి చూసింది.

"ఇక ఎనిమిదో నాటిక. పోయిన వస్తువులు దాచే ఆఫీసులో ఒక గుమాస్తా. ఒక పెద్దాయన రోజూ వచ్చి తనది కాని వస్తువేదో తనదే అంటాడు. ఒక రోజు టిఫిను డబ్బా, ఒక రోజు ఒంటి చెప్పు, ఒక రోజు గొడుగు. గుమాస్తా రూలు ప్రకారం ప్రశ్నలడుగుతాడు. ఏం రంగు? ఎప్పుడు కొన్నారు? ఎవరిచ్చారు? పెద్దాయన అన్నింటికీ జవాబు చెబుతాడు, ఒక్కటీ సరిపోదు. వారం తిరిగేసరికి మనకి అర్థమవుతుంది, ఆయన వచ్చేది వస్తువు కోసం కాదు. ఆ ప్రశ్నల కోసం. ఆయన్ని అలా కూర్చోబెట్టి అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు. చివరి రోజు గుమాస్తా ఒక్క ప్రశ్నా అడగకుండా గొడుగు చేతికిస్తే ఆ పెద్దాయన తీసుకోడు. 'ముందు అడుగు నాయనా' అంటాడు. నేను రెండుసార్లు నవ్వాను, ఒకసారి పుస్తకం మూసి కూర్చుండిపోయాను. ఈ ఎనిమిదిమందితో ఒకే బల్ల దగ్గర కూర్చునే యోగ్యత నాకు కలిగినందుకు గర్వపడుతున్నాను. ఈ నాటిక రాసినవాడు నా తమ్ముడు. ఆ మాట రాయడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. తప్పు నాది."

"ఇటివ్వు, టైపు చేసేస్తాను," అంది అమ్మాయి.

"ఇంకా లేదు. ముందు వాడు వినాలి. వాడు సరేనంటేనే ప్రెస్సుకి."

"నాన్నా, పన్నెండు ముప్పావైంది."

"బస్టాండు ఎంత దూరం? పది నిమిషాలు. చదివి వినిపిస్తాను, క్షమించమని అడుగుతాను, తీసుకొచ్చేస్తాను. రెండింటికి నువ్వు ప్రెస్సులో ఉంటావు." ఆయన చొక్కా తిరగేసి తొడుక్కున్నారు. చెబితే విప్పి, మళ్ళీ అలాగే తొడుక్కున్నారు. ఆఖరికి అమ్మాయే సరిచేసి పంపించింది.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, నేను మా మరిదికి ఫోను చేశాను. ఉన్నట్టుండి అన్న ఎదురుగా వచ్చి నిలబడితే కంగారుపడతాడని. ఏడెనిమిది నిమిషాలకి గాని ఎత్తలేదు.

"వదినా, ఈ టైములో ఫోనేమిటి? అందరూ బాగున్నారా?"

"మీ అన్నయ్య నీ దగ్గరికి వస్తున్నారు."

అటు నుంచి బస్సుల హారన్లు వినపడుతున్నాయి.

"ఎందుకు?"

"నీ నాటిక గురించి రాశారు. ఎంత బాగా రాశారో నువ్వే విందువుగాని. నేనంతా చెప్పేశానయ్యా. నువ్వు మర్చిపోయి నా వైపు చూశావనీ, నేనే కావాలని అందించలేదనీ. ఇన్నేళ్ళు నా మీదికి రాకుండా మోశావు. ఇంక చాలు."

"ఏమిటీ, ఏం చెప్పావు?"

"నువ్వు మర్చిపోయావని."

"వదినా," అన్నాడు. "నేను మర్చిపోలేదు."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"రెండు పేజీలూ నాలుక చివర ఉన్నాయి. ఇప్పుడడిగినా అప్పజెబుతాను. ఆ పిల్లాడి మొహం చూశాక మాట్లాడబుద్ధి కాలేదు. అన్నయ్య రాసింది వద్దనిపించింది, అంతే. నీ వైపు చూసింది మాట కోసం కాదు వదినా. ఎక్కడ అందిస్తావోనని భయపడి చూశాను. అందించొద్దని చూశాను. నువ్వు ఊరుకున్నావు. నీకు అర్థమైందనుకున్నాను. ఇన్నేళ్ళూ ఇది మనిద్దరికీ తెలిసిన సంగతే అనుకున్నాను."

పంతొమ్మిదేళ్ళుగా మా ఆయన అంటున్నది ఇదే. కావాలనే చేశాడు అని. ఆయన అన్నదే నిజం. నేను అరగంట కిందట కూర్చోబెట్టి ఆయన చేత అది తప్పని ఒప్పించాను.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నీ మాటలు నాకు అక్కర్లేకపోయాయి అని అన్నయ్య మొహం మీద ఎలా చెప్పమంటావు? ఆ రోజు చెప్పలేకపోయాను. ఇవాళ నన్ను క్షమించమని అడగడానికి వస్తున్న మనిషి ముందు ఎలా దాచమంటావు?"

"ఇవాళ వద్దు. నా మాట విను. కాగితం ప్రెస్సుకి చేరనీ. రేపు చెప్పు. నేనూ వస్తాను, కలిసి చెబుదాం."

"అదిగో అన్నయ్య," అన్నాడు మా మరిది.

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. కట్టెయ్యలేదు. నేను అతన్ని పిలిచాను. మళ్ళీ పిలిచాను. నా గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. అక్కడ మాత్రం ఎవరికీ వినపడలేదు.

కుర్చీ లాగిన శబ్దం. తర్వాత మా ఆయన గొంతు, "ఏరా," అని. ఆ తర్వాత ఆయన చదవడం మొదలుపెట్టారు, ఎనిమిదో నాటిక దగ్గర నుంచి, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా. కౌంటరు ముందు ఎవరో వచ్చి గొడుగు అడిగితే "ఉండవయ్యా" అని కసిరి మళ్ళీ చదివారు. 'నా తమ్ముడు' అన్న మాట రెండుసార్లు చదివారు. 'తప్పు నాది' అన్న చివరి వాక్యం దాకా చదివి ఆపారు.

"ఆ చివరి వాక్యం కొట్టెయ్యి అన్నయ్యా," అన్నాడు మా మరిది.

"ఎందుకురా?" అన్నారు మా ఆయన.